మూడు లిపుల మధ్య మన రాత

మొన్న రాత శిబిరం ముగింపు రోజున ఒక చెల్లి లేచి నిలబడింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. చదవబోయే ముందు "ఏమనుకోవద్దు మేడం, కొంచెం గోండిలో రాసిన" అంది. ముందు వరసలో కూర్చున్న పెద్దలు నవ్వి, "చదువమ్మా, చదువు" అన్నారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఆ "ఏమనుకోవద్దు" ఆ పిల్ల నోట్లోకి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. నాలాంటి వాళ్ళ దగ్గరి నుంచే వచ్చింది.

నేను వార్డెన్‌గా చేరిన కొత్తలో మా హాస్టల్ భోజనాల గది గోడకు ఒక చార్టు అంటించాను. "ఇక్కడ తెలుగులోనే మాట్లాడవలెను" అని స్కెచ్ పెన్నుతో అందంగా రాశాను కూడా. పదో తరగతి ఫలితాల భయం నాది. మూడో తరగతి పిల్ల ఒకతి గ్లాసు పట్టుకొచ్చి "ఏర్" అని అడిగితే, "నీళ్ళు అను, అప్పుడు పోస్తా" అన్నాను. ఇంట్లో మా అమ్మను నేను అడిగేది కూడా "ఏర్" అనే. ఆ పిల్ల కాసేపు నిలబడి, అడగకుండానే వెళ్ళిపోయింది. ఆ చార్టు రెండేళ్ళు గోడ మీదే ఉంది.

ఆరు నెలలు పెద్దల దగ్గర కూర్చుని దిద్దించుకున్న మీ కథలు, పాటలు, జ్ఞాపకాలు ఈ సంచికలో వస్తున్నాయి. వాటి పక్కన నన్నొక చరిత్ర వ్యాసం రాయమన్నారు. మన సభల్లో ఎవరు లేచినా "మనది నోటి సంప్రదాయం, రాసేవాళ్ళు ఇప్పుడిప్పుడే వస్తున్నారు" అంటారు. అందులో సగమే నిజం. మనవాళ్ళు రాయడం నేర్చుకోవడం ఇది మొదటిసారి కాదు. నేర్చుకున్న ప్రతిసారీ ఏదో ఒక కారణంతో తీగ తెగింది. ఎక్కడెక్కడ తెగిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

శిష్యరికం అనేది మనకు కొత్తగా ఎవరో నేర్పింది కాదు. ప్రధాన్లను, తోటీలను చూడండి. కిక్రి పట్టుకుని పెర్సాపేన్ ముందు గోత్రాల పుట్టుక పాడే వాళ్ళ ఇళ్ళలో కొడుకు ఏళ్ళ తరబడి తండ్రి పక్కన కూర్చుని వంత పాడేవాడు. తర్వాత ఒక రోజు తండ్రి పక్కకు జరిగితే, కొడుకు సాగా పెద్దల ముందు ఒంటరిగా పాడాలి. తప్పు పాడితే వినేవాళ్ళే అక్కడికక్కడ సరిచేస్తారు. తమ వంశం కథ తమకు తెలుసు కదా! ఇప్పుడు మీరు ముగింపు రోజున చేసింది కూడా దాదాపు అదే. తేడా ఏమిటంటే ప్రధాన్ కొడుక్కి వినేవాళ్ళు ముందే సిద్ధంగా ఉండేవారు. మీకు వినేవాళ్ళను మీరే వెతుక్కోవాలి.

ఇక కాగితం మీద రాత సంగతికి వస్తాను. అది మన జిల్లాలో రక్తం చిందిన తర్వాత మొదలైంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం, ఆయన సహచరులు నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగారు. గోండులు ఇంతగా ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అప్పుడు అనిపించింది. ఆ పని ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌కు అప్పగించారు. ఆయన వియన్నాలో పుట్టినవాడు. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి హైదరాబాదులో ఉన్నాడు. జర్మన్ పాస్‌పోర్టు ఉన్నందువల్ల ఎటూ కదలలేకపోయాడు. ముందు చెంచుల దగ్గర, తర్వాత కొండరెడ్ల దగ్గర ఉండి, చివరికి మన దగ్గరికి వచ్చాడు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో ఇల్లు కట్టుకున్నాడు.

ఆయన కనిపెట్టింది పెద్ద రహస్యమేమీ కాదు. భూమి పోవడానికి వెనక కాగితం ఉంది. రెవెన్యూ కాగితం ఉర్దూలో, షావుకారు ఖాతా మరాఠీలోనో మరో భాషలోనో ఉండేది. అడవిశాఖ వాళ్ళు గీసిన గీత ఏ ఊరి మీదుగా పోయిందో చదివి చెప్పేవాడు ఊళ్ళో ఒక్కడూ ఉండేవాడు కాదు. వేలిముద్ర వేసినవాడికి తాను దేని మీద వేశాడో తెలియదు. అందుకే పట్టాల పంపిణీ, బడి రెండూ జమిలిగా జరగాలని ఆయన పట్టుబట్టాడు. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం తెరిచారు.

ఈ కేంద్రం గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. ఎందుకంటే మీ శిబిరానికి అసలు అక్కగారు అదే. అప్పటికి గోండుల్లో అక్షరం ముక్క వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అలాంటి కొద్దిమంది యువకులను వెతికి తెచ్చి, వాళ్ళకు చదవడం, రాయడం, బోధించడం నేర్పి, ఊళ్ళకు పంతుళ్ళుగా పంపారు. బయటి నుంచి పంతుళ్ళను తెచ్చి ఉంటే పని త్వరగా అయ్యేది. కానీ పిల్లలకు అర్థమయ్యే భాష ఆ పంతుళ్ళకు రాదు. నేను బీఈడీలో చదివిన విద్యా మనోవిజ్ఞానం పుస్తకాల్లో మాతృభాషలో బోధన గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి. మన కొండల్లో ఆ పని 1943లోనే జరిగిందని ఆ పుస్తకాల్లో ఒక్క వాక్యం లేదు.

పుస్తకాలు గోండిలో, దేవనాగరి లిపిలో తయారుచేశారు. ఆ లిపే ఎందుకని మీరు అడగవచ్చు. అప్పట్లో మనవాళ్ళకు వారం అంగడిలో, యవత్మాల్, చాందా వైపు చుట్టరికాల్లో మరాఠీతోనే ఎక్కువ పని పడేది. గోండి నేర్చుకున్న లిపితోనే పిల్లవాడు మరాఠీ కూడా చదువుకోగలడు. ఆనాటికి అది సబబైన నిర్ణయమే. వాచకాల్లో మన పురాణగాథలు, మన పండుగలు, మన పొలాలు పెట్టారు. హైదరాబాద్ సంస్థానంలో అధికారిగా పనిచేసిన సేతుమాధవరావు పగడి కూడా గోండి నేర్చుకుని, మన భాష మీద, జీవితం మీద రాశారు. పట్టాల పంపిణీలో ఆయన చెయ్యి ఎంతో ఉంది.

ఇక్కడ నాకొక ఫిర్యాదు ఉంది. హైమన్‌డార్ఫ్ పేరు మనకు కంఠస్థం. ప్రతి ఏటా జనవరి 11న మార్లవాయిలో వర్ధంతి జరుపుకుంటాం. 1987లో పోయిన బెట్టీ సమాధి అక్కడే ఉంది. పెద్దాయన అవశేషాలు కూడా తర్వాత ఆమె పక్కకే చేరాయి. జరుపుకోవడం మంచిదే, రుణం ఉంది కదా. కానీ ఆయనకు రాత్రుళ్ళు కథలు చెప్పిన ప్రధాన్లు, వాచకంలో ఏ మాట పెట్టాలో చెప్పిన గోండు యువకులు లేకుండా ఒక్క పాఠమూ తయారయ్యేది కాదు. వాళ్ళలో నలుగురి పేర్లు చెప్పమంటే మనలో ఎంతమంది చెప్పగలరు? మా అత్తగారి ఊళ్ళో అడిగి చూశాను. "మా తాత పంతులు" అన్నవాళ్ళున్నారు. ఏం రాశాడంటే మాత్రం "ఏమో" అన్నారు.

అలా మొదలైన పని ఎందుకు ఆగింది? ఎవరో కక్షగట్టి ఆపినట్టు నాకు కనిపించదు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. 1956 నవంబరు 1న భాషాప్రయుక్త రాష్ట్రం వచ్చింది. రాష్ట్రం తెలుగుది కాబట్టి బడి తెలుగుది అయింది. గోండి వాచకాలు అల్మారాల్లోకి పోయాయి. దేవనాగరి నేర్చుకున్న పంతులు తెలుగు రాక వెనకబడ్డాడు. ఆయన ఇంట్లో పిల్లలు తెలుగు బడికి వెళ్ళి, నాన్న చేతిరాత చదవలేనివాళ్ళయ్యారు. హైమన్‌డార్ఫ్ 1970లలో మళ్ళీ వచ్చి చూసి, తన తర్వాతి పుస్తకంలో దీని గురించి బాధతోనే రాశాడు. మనం మాత్రం ఎక్కడా రాసుకోలేదు. రాయడానికి ఏ లిపి వాడాలి మరి?

ఇలాంటి కథ మనదొక్కటే కాదు. తూర్పున పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు ఇంకా ముందే సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. తెలుగువాళ్ళు ఆయన్ను వ్యావహారిక భాష కోసం పోరాడినవాడిగానే తలుచుకుంటారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. ఆ రోజు సవర గురించి ఎవరైనా మాట్లాడతారేమోనని ప్రతి ఏడూ చూస్తాను. ఆయన సవర వ్యాకరణాన్ని, నిఘంటువును 1930లలో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. సరిగ్గా ఆ కాలంలోనే, 1936లో, మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి తయారుచేశాడు. ఒకవైపు బయటి పండితుడు ప్రేమతో చేసిన పని, ఇంకోవైపు లోపలి మనిషి పట్టుదలతో చేసిన పని. రెండూ కలిసి నడిచి ఉంటే ఎలా ఉండేదో!

మన దగ్గర తెగిన తీగను మళ్ళీ ముడివేసే ప్రయత్నం 2004 ప్రాంతంలో జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సర్వశిక్షా అభియాన్ కింద బహుభాషా విద్య మొదలుపెట్టారు. గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా అని ఎనిమిది భాషల్లో ఒకటో తరగతి నుంచి పుస్తకాలు తయారుచేశారు. ఈసారి లిపి తెలుగు. రాసింది ఎవరనుకున్నారు? ఆ భాషలు మాట్లాడే ఉపాధ్యాయులే. వర్క్‌షాపుల్లో కూర్చోబెట్టి, పండుగల క్యాలెండరు వేయించి, ఏ నెలలో ఊళ్ళో ఏం జరుగుతుందో దాని చుట్టూ పాఠాలు రాయించారు. ఊరి పెద్దలతో కథలు చెప్పించారు.

తెలుగు లిపిలో గోండి రాయడం ఎంత కష్టమో అక్కడ కూర్చున్నవాళ్ళకు తెలుసు. మాట చివర మన గొంతు ఆగే చోటు తెలుగు అక్షరానికి దొరకదు. ఉట్నూరు గోండి, తిర్యాణి గోండి ఒకటి కాదు. ఒక ఊళ్ళో వాడే మాటకు పక్క మండలంలో నవ్వుతారు. "ఏది సరైనది?" అనే చోట గంటలు గడిచేవి. ఆ గంటలు వృథా అని నేను అనుకోను. ఒక భాష మాట్లాడేవాళ్ళు తమ మాట గురించి తామే తగువులాడుకోవడం మొదలుపెడితే, అక్కడి నుంచే రాత బతుకుతుంది.

అయితే ఆ పుస్తకాలు ప్రాథమిక తరగతులు దాటి పైకి పోలేదు. పంతులు బదిలీ అయితే వచ్చిన కొత్తాయనకు గోండి రాదు. మా పక్క ఊరి బడిలో ఆ పుస్తకాల కట్ట విప్పకుండానే బీరువా మీద ఉండడం నేను కళ్ళారా చూశాను. దాని మీద బియ్యం సంచి. అడిగితే, "మేడం, తల్లిదండ్రులు ఇంగ్లీషు మీడియం అడుగుతున్నారు" అన్నారు. అదీ అబద్ధం కాదు. నా పిల్లల్ని నేనూ ఇంగ్లీషు మీడియంలోనే వేశాను.

ఇక మూడో లిపి. నార్నూర్ మండలం గుంజాలలో పాత రాతప్రతులు ఉన్నాయని, అవి గోండిలో, గోండికే చెందిన ఒక లిపిలో ఉన్నాయని ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చింది. అప్పటికి ఆ లిపి చదవగలిగిన పెద్దలు ఆ ఊళ్ళో నలుగురైదుగురే. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పండితులు ఆ పెద్దల ముందు విద్యార్థుల్లా కూర్చుని అక్షరాలు నేర్చుకున్నారు. ఎవరు గురువు, ఎవరు శిష్యుడు అనేది అక్కడ తిరగబడింది. నాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా నచ్చిన ఘట్టం అదే. తర్వాత అక్షరమాల పుస్తకం వచ్చింది. ఉట్నూరు ఐటీడీఏ సాయం చేసింది. కంప్యూటర్ ఫాంటు తయారైంది. 2018లో యూనికోడ్ 11వ సంచికలో గుంజాల గోండి చేరింది. దానికి ఏడాది ముందు, 2017లో, మున్షీ మంగల్ సింగ్ మసారం 1918లో రూపొందించిన మసారం గోండి లిపి చేరింది. అంటే మన భాషకు ఫోన్లలో రెండు సొంత లిపులు ఉన్నాయి. వాటిలో మెసేజ్ పెట్టేవాళ్ళు మీలో ఎందరు?

ఇక్కడ పెద్దల్లో కొందరికి నా మాట రుచించకపోవచ్చు. గుంజాల లిపి మన గౌరవం, అందులో సందేహం లేదు. కానీ "ఇకనుంచి ఈ లిపిలోనే రాయాలి, మిగతాది గోండి కాదు" అంటే, ఇప్పుడు తెలుగు లిపిలో గోండి రాస్తున్న ఈ చెల్లి కాగితం ఏమవుతుంది? 1956 తర్వాత పంతుళ్ళకు జరిగిందే మళ్ళీ జరుగుతుంది. ఇప్పటికే మూడు లిపులు మారాం. ప్రతి మార్పులో వెనకటి తరం రాసింది తర్వాతి తరానికి చదవరానిదైంది. సంతాలీ వాళ్ళ సంగతి చూడండి. రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికి లిపి తయారుచేశారు. దానిలో నాటకాలు, పాటలు, పత్రికలు ఏళ్ళ తరబడి రాస్తూ పోయారు. రోమన్, బెంగాలీ, దేవనాగరి లిపుల్లో రాసేవాళ్ళు కూడా రాశారు. 2003లో సంతాలీ ఎనిమిదో షెడ్యూల్లో చేరింది. 2011 జనాభా లెక్కల్లో గోండి మాతృభాషగా రాయించినవాళ్ళు దాదాపు 30 లక్షలు. అయినా మన భాష ఇంకా ఆ షెడ్యూల్లో లేదు. లిపి ఉంటే చాలదు. ఆ లిపిలో చదవాలనిపించేది ఏదైనా ఉండాలి కదా.

మధ్య భారతంలోని గోండులు తమలో తాము కలిసి మాట్లాడుకునే ప్రయత్నం కూడా జరిగింది. 2014 నుంచి ఆరు రాష్ట్రాల గోండులు వర్క్‌షాపుల్లో కూర్చుని ఒక ఉమ్మడి నిఘంటువు కోసం పదాలు సేకరించారు. అందులో మన వైపు వాళ్ళూ ఉన్నారు. పిల్లల కథలు గోండిలోకి అనువదించారు. అక్కడా ఇదే తగువు: మా మాటా, మీ మాటా? ఇంద్రవెల్లి నుంచి వెళ్ళిన మనిషికి బస్తర్ మనిషి గోండి సగమే అర్థమవుతుంది. ఆ సగాన్ని పట్టుకునే వాళ్ళు రోజులు గడిపారు.

బంజారాల గురించి కూడా చెప్పాలి. గూడేలకూ తండాలకూ మధ్య ఉన్న పేచీలు నాకు తెలియనివి కావు. మా హాస్టల్లో రెండు వైపుల పిల్లలూ ఉన్నారు, రోజూ చూస్తూనే ఉన్నాను. కానీ రాత విషయంలో వాళ్ళు చేసింది మనం చూసి నేర్చుకోవలసిందే. ఉస్మానియాలో పాఠాలు చెప్పిన ఆచార్య సూర్యా ధనంజయ్, నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన యువ రచయిత రమేశ్ కార్తీక్ నాయక్ కలిసి బంజారా కథలను 'కేసులా' అనే సంకలనంగా తెచ్చారు. ఒకరు పెద్దతరం, ఒకరు చిన్నతరం. పుస్తకం మీద ఇద్దరి పేర్లూ సంపాదకులుగానే ఉన్నాయి, గురువు కింద శిష్యుడిగా కాదు. ఆ యువకుడి కథల పుస్తకం 'ఢావ్లో'కి 2024లో తెలుగులో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. తెలుగులోనే రాశాడు. తండా మాటలు తెలుగు వాక్యంలో అలాగే ఉంచాడు, ఏమనుకోవద్దని ఎవరినీ అడగలేదు.

మన దగ్గర ఆటకు, పాటకు గౌరవం వచ్చింది. మార్లవాయికే చెందిన కనక రాజు గారికి గుస్సాడి కోసం 2021లో పద్మశ్రీ ఇచ్చారు. గుస్సాడి నేర్పడానికి ఆయన ఎంతమంది కుర్రాళ్ళను తన ముందు నిలబెట్టుకున్నారో మన ఊళ్ళల్లో అందరికీ తెలుసు. 2024లో ఆయన వెళ్ళిపోయారు. నేర్చుకున్న కుర్రాళ్ళు ఉన్నారు కాబట్టి దండారి ఆగలేదు. ఆ ఊళ్ళోనే 1943లో రాయడం నేర్చుకున్నవాళ్ళ తర్వాత ఎవరున్నారని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మీ ముగింపు సభ అయిపోయాక ఒక తమ్ముడు నా దగ్గరికొచ్చి, "అక్కా, మా ఇంట్లో తాతది ఒక నోటుబుక్కు ఉంది, ఎవరికీ చదవరాదు, పారేద్దామంటున్నరు" అన్నాడు. వాళ్ళ తాత మార్లవాయిలో శిక్షణ పొందిన పంతులట. మరుసటి ఆదివారం వాళ్ళ ఊరికి వెళ్ళాను. రేకు పెట్టెలో, పాత రసీదుల కింద ఉంది. అట్ట లేదు. చెదలు ఒక మూల తినేశాయి. దేవనాగరిలో, నిటారు చేతిరాత. నాకు హిందీ వచ్చు కాబట్టి అక్షరాలు కూడబలుక్కున్నాను. కానీ కొన్ని మాటల దగ్గర ఆగిపోయాను. ఆ ఇంటి చిన్న కోడలు యవత్మాల్ వైపు పిల్ల. పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, చేతులు తుడుచుకుని, నా చేతిలోంచి పుస్తకం తీసుకుంది. మరాఠీ బడిలో చదివింది కాబట్టి గడగడా చదివేసింది. పెళ్ళయి వచ్చిన ఆరేళ్ళలో ఆ పుస్తకం ఎవరూ ఆమె చేతికి ఇవ్వలేదు.

మొదటి పేజీల్లో పిల్లల హాజరు. తర్వాత ఎవరికి ఎన్ని శేర్ల జొన్న విత్తనం ఇచ్చాడో లెక్క. ఆ తర్వాత నాలుగు పేజీలు ఒక కథ. అడవిలో తప్పిపోయిన ఒక పిల్లవాడు, వాడికి దారి చూపించిన ఎద్దు. ముసలమ్మ గోడకు ఆనుకుని వింటూ వింటూ, "ఇది ఆయన మా పిల్లలకు చెప్పేవాడు" అంది. ఆ మాట అప్పటిదాకా ఆమె కూడా మరిచిపోయిందట.

ఇప్పుడు మా హాస్టల్ పిల్లలు ఇద్దరు సెలవు రోజుల్లో అక్కడికి వెళ్తున్నారు. కోడలు చదువుతుంది, పిల్లలు తెలుగు లిపిలో రాసుకుంటారు, ముసలమ్మ మాట సరిచేస్తుంది. రెండు పేజీలు అయ్యాయి. మూడో పేజీలో చెదలు తిన్న మూల దగ్గర ఎద్దు ఏదో అంటుంది. ఆ మాట పోయింది. ఏమని ఉంటుందో అని ముసలమ్మ, కోడలు, ఇద్దరు పిల్లలు ఇంకా తగువులాడుకుంటున్నారు.